మామయ్య చత్వారం

దర్జీ మామయ్యకు ఒకే ఒక్క జబ్బు. మేనకోడలు రాసిన ప్రతి ముక్కనూ నలుగురిలో బిగ్గరగా చదివేవాడు. చదవడం జబ్బు కాదు, తప్పుగా చదవడం జబ్బు.

రెండో తరగతిలో ఆమె తమ పిల్లి మీద వ్యాసం రాసింది. కొత్తవాళ్ల ముందు నోరు పెగలని పిల్ల, కత్తిరింపుల బల్ల కింద నక్కి ఉంది. మామయ్య కుట్టుమిషన్ ఆపి, చొక్కాలకు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లకు చదివాడు: "చివరికి మా పిల్లి బావిలో పడి చచ్చిపోయింది."

"అయ్యో పాపం!"

"చావలేదు!" బల్ల కింద నుంచి కేక. "పిల్లల్ని పెట్టింది! ఇటివ్వు!" కాగితం లాక్కుని మొత్తం తనే చదివేసింది.

"నా చత్వారం తగలెయ్య!" అన్నాడు మామయ్య.

ఆ చత్వారం ఏటికేడాదీ ముదిరింది. హైస్కూలు వ్యాసంలో చంద్రుడు సూర్యుడికన్నా పెద్దవాడయ్యాడు. కాలేజీ పత్రికకు రాసిన కథలో కప్ప పామును మింగింది. ప్రతిసారీ ఆమే లేచి దిద్దాల్సి వచ్చేది.

ఇప్పుడామె నీటి పరీక్షల లాబ్‌లో కెమిస్టు, నాలుగేళ్ల పాపకు తల్లి. లాబ్ వార్షికోత్సవంలో ఉద్యోగానుభవాలు చదవమన్నారు. రాయడమైతే రాసింది. చదవడమనేసరికి పాత భయమే. "మీ పాప క్లాసులో నోరే విప్పదండీ" అని టీచరు చెప్పినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. నా పిరికితనమే దానికీ అంటుకుందా? అందుకే పాప చూస్తుండగా చదివి తీరాలనుకుంది. తీరా కంగారులో కాగితాలు ఇంట్లో మరిచిపోయింది. పాపనూ వాటినీ మామయ్యే తెచ్చాడు, మెడలో కొలత టేపుతో సహా.

"ఎవరండీ ఆయన?" అడిగాడు తోటి ఉద్యోగి.

"పాపను... తీసుకొచ్చారు," అని నసిగింది. మామయ్య వినే ఉంటాడు.

పేరు పిలిచారు. ఆమె కుర్చీకే అతుక్కుపోయింది. "గొంతు బాగాలేదండీ."

"దానికేం, నేనున్నాగా!" మామయ్య అప్పటికే కాగితాలతో మైకు దగ్గరున్నాడు. భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది ఆమెకు.

"మొదటి రోజు నా చేతులు వణుకుతుంటే, పెద్ద మేడమ్ నా చేతిలోని గాజు గొట్టం లాక్కుని, ఇంటికి పొమ్మని తిట్టారు..."

ముందు వరసలో పెద్ద మేడమ్ మొహం ఎర్రబడింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అబద్ధం!" మైకు అక్కర్లేకుండానే హాలు దద్దరిల్లింది. "తిట్టలేదు! నా చెయ్యి పట్టుకుని నేర్పారు! ఇటివ్వు మామయ్యా!"

లాక్కుని చివరిదాకా చదివింది. పాప కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టింది.

టీలప్పుడు ఆమె తలొంచుకుని పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్లింది. "క్షమించండి మేడమ్, మామయ్యకు చూపు సరిగా..."

"చూపా?" మేడమ్ ఆపుకోలేక నవ్వేశారు. "లోపలికి వస్తూనే గేటు దగ్గర ఒక్క తప్పు లేకుండా చదివి వినిపించారమ్మా! 'అవసరమైతే మీచేత నాలుగు తిట్లు తిట్టిస్తాను, ఏమీ అనుకోకండి' అని పర్మిషన్ కూడా తీసుకున్నారు."

ఆమె చెవులు కాలిపోయాయి. ఇన్నేళ్లూ ఆ కళ్లను తిట్టుకున్నందుకు, ఇందాక చుట్టరికం మింగేసినందుకు, ఏ మొహం పెట్టుకుని ఆయన్ని చూడాలో తెలియలేదు.

"నేను లేవకపోయుంటే?" అంది చివరికి, మామయ్య దగ్గరికొచ్చి.

మామయ్య బిస్కెట్టు టీలో ముంచాడు. "ఇంకా రెండు పేజీలున్నాయిగా అమ్మడూ! తర్వాతి పేరాలో మీ డైరెక్టరు గారున్నారు. ఆయన్నేం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకున్నా."