లాంచీ పొట్ట మీది తెల్లగీత

పొద్దు గూకే వేళ భద్రాచలం రేవులో సరుకు లాంచీలను ఫోటో తీయడం నాకు వ్యసనం. గోదావరిని చూస్తే ఊరందరికీ భక్తి పుట్టేది. నాకు రీల్లో ఇంకా ఎన్ని ఫోటోలు మిగిలాయో గుర్తొచ్చేది. డిగ్రీ తప్పి, బాబాయి కెమెరా అడుక్కుని, ఇరవై రెండేళ్ల వయసులో నేను చేస్తున్న ఏకైక ఘనకార్యం అది.

ఒక ఫోటో బాగా కుదిరింది. నల్లటి లాంచీ, మెరిసే నీళ్లు, చుక్కాని దగ్గర అన్నం తింటున్న సరంగు. రీలు కడిగిన స్టూడియో ఆయన దాన్ని పెద్దది చేసి అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. కింద తన పేరు.

"అన్నా, ఇది నేను తీసింది గద?"

"నువ్వు మీట నొక్కినవ్ తమ్ముడూ. చీకటి గదిల నిలబడి బొమ్మ తెప్పించింది ఎవరు?"

నేనేం శపథం చేయలేదు. ఇంటికెళ్లి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. పగకు బలం కావాలి.

ప్రతి లాంచీ పొట్ట మీద ఒక తెల్లగీత ఉంటుంది. అది నీళ్లలో మునిగేంత సరుకు ఎక్కించడం నేరం. తొమ్మిది సాయంత్రాలు మెట్ల మీద దోమలకు నన్ను నేను అర్పించుకున్నాను. పదోనాడు ధాన్యం బస్తాలతో ఒక లాంచీ వచ్చింది. దాని పేరు నీళ్లపైన కనిపిస్తోంది, గీత నీళ్లలో మునిగింది. దొంగిలించాలనిపించేంత అందంగా తీశాను.

రీలు ఆ స్టూడియోలోనే కడగడానికిచ్చాను. నాలుగో రోజుకల్లా అది బీరువాలో ఉంది. ఈసారి ఆయన పేరు ఇంకా పెద్ద అక్షరాల్లో.

ఇక నేను చేసిందల్లా, లాంచీల ఇన్‌స్పెక్టరుకు స్టూడియో ఎదుటి హోటల్లో చాయ్ బాగుంటుందని చెప్పడమే. చాయ్ తాగుతూ ఆయన బీరువా వైపు చూశాడు. గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లాడు.

"ఈ ఫోటో ఎవరు తీసిండ్రు?"

"నేనే సార్!" స్టూడియో ఆయన ఛాతీ ఉప్పొంగింది.

"మంచిగైంది. కేసుల సాక్షివి నువ్వే. కోర్టుకు రావాలె."

సాయంత్రం స్టూడియో ఆయనే మా ఇంటికొచ్చాడు. "తమ్ముడూ, తీసింది నువ్వని చెప్పరాదు?"

"గట్లెట్లంటవ్ అన్నా? చీకటి గదిల నిలబడింది నువ్వు గద."

కోర్టులో వాయిదా ఉన్నప్పుడల్లా ఆయన స్టూడియోకు తాళం వేసి బస్సెక్కేవాడు. నేను స్టాండుకెళ్లి ఆయనకు కిటికీ పక్క సీటు దొరికిందో లేదో కనుక్కునేవాణ్ని.

కేసు ముగిసింది. ఆ ఫోటో తీసినవాడు ఆయనేనని కోర్టు కాగితాల్లో సంతకంతో సహా ఎక్కింది. నా పేరు కోసం మొదలైన పగ అది. పేరు ఆయనకే స్థిరపడింది. అయినా ఆ బస్సు వెనక లేచిన దుమ్ము తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు నిండుతుంది.