సేనాపతి లేవని రోజు

నా చిన్నప్పుడు, దర్శి దగ్గర మా ఊళ్లో మిరపకాయల పని అయిపోగానే ఖాళీ కళ్లంలో నాటకం వేసేవారు. ఓటమి ఎరగని ఒక సేనాపతి ఒకే ఒక్క యుద్ధంలో ఓడిపోయే కథ అది. ఆ వేషం ఏటా మా తాతయ్యదే. ఆయన గెలుపు పద్యం అందుకుంటే జనం 'వన్స్ మోర్' అనేవారు. అడిగితే మళ్లీ పాడాల్సిందే. అది మా వైపు మర్యాద. చచ్చిపడిన పాత్ర కూడా దుమ్ము దులుపుకుని లేచి, పద్యం పాడి, మళ్లీ చచ్చేది. మాకెవరికీ అది వింతగా ఉండేది కాదు.

ఆఖరి అంకంలో సేనాపతి, సిపాయిలు వద్దని వేడుకున్నా వినకుండా, వాళ్లను పొంగే వాగులోకి పంపుతాడు. అందరూ కొట్టుకుపోతారు. ఓడిన మర్నాడు సేనాపతి, అలా పోయిన ఒక సిపాయి తల్లి ముందు మోకరిల్లి పాదాలు పట్టుకుంటాడు. ఒక ఏడు తల్లి వేషం వేసే ఆయనకు జ్వరం వస్తే, ఊరి బయట దళితులుండే పల్లెలో, అక్కడి చర్చిలో పాటలు పాడే ఒక కూలీని తాతయ్య తీసుకొచ్చాడు. ఊళ్లో వాళ్ల చేలల్లో కాయలు కోసే మనిషే. అలాంటి గొంతు మాత్రం ఇంకెవరికీ లేదు.

నాటకం రోజు పొద్దున్నే ఊరి మోతుబరి మా అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, మెల్లగానే చెప్పాడు.

"ఓడిపోయిందాకా చాలు బావా. ఆ కాళ్లు పట్టుకునే ముక్క తీసెయ్. ఊరంతా చూసిద్ది."

"అది తీసేస్తే ఇంక నాటకంలో ఏముంది బావా," అన్నాడు తాతయ్య.

సాయంత్రం తాతయ్య కిరీటం తీసి పక్కన పెట్టి మోకరిల్లాడో లేదో, మోతుబరి కూర్చున్న ముందు వరస నుంచి గెలుపు పద్యానికి 'వన్స్ మోర్' అని కేక లేచింది. వెనకే మరిన్ని గొంతులు. హార్మోనియం కూడా ఆ శ్రుతే అందుకుంది. పాడాలంటే లేవాలి. లేస్తే ఆ ఘట్టం పోయినట్టే. ఎంతో ముద్దుగా చూసుకునే మర్యాదను వాళ్లు దుడ్డుకర్రలా ఎత్తారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

తల్లి వేషంలోని మనిషి పాదాలు చీర కిందకి లాక్కున్నాడు. వేదిక అంచున కూర్చున్న నాకు ఆయన గొణుగుడు వినిపించింది.

"లేవండి బాబుగారూ. రేపు నేను ఈళ్ల చేలల్లోకే పోవాల."

తాతయ్య లేవలేదు. ఆ పాదాలు వెతికి పట్టుకుని తల ఆనించాడు. ఎవరో దీపాలు ఆర్పేశారు. ఆ చీకట్లో నేను గర్వంతో ఏడ్చాను.

మర్నాటి నుంచి ఆ మనిషిని ఊళ్లో ఎవరూ పనికి పిలవలేదు. మాకున్న చిన్న పొలం చెక్కలో పని ఎన్నాళ్లో రాదు. చివరికి ఆయన దాచేపల్లి వైపు సున్నపురాయి క్వారీలకు వెళ్లిపోయాడు. మా తాతయ్యకు పోయింది వేషం ఒక్కటే. మరుసటి ఏడు వేరొకరు వేశారు, సేనాపతి ఓడిపోకుండానే నాటకం ముగించారు.

ఆయన క్వారీలకు వెళ్లిన కొన్నాళ్లకు తాతయ్య నా చెయ్యి పట్టుకుని పల్లెకు నడిచాడు. ఆ మనిషి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి వేషం లేకుండా, పట్టపగలు, తాతయ్య ఆమె ముందు వంగాడు. ఆమె వెనక్కి తగ్గింది. అరవలేదు, ఏడవలేదు.

"ఆయన లేవమన్నప్పుడు లేస్తే సరిపోయేది గదండీ," అంది.

ముందు వరస మీద నా కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోనూ లేదు. అయితే ఎవరి తరఫునైనా ఆ కోపంతో లేచేముందు, ముందా మనిషి ఏమంటున్నాడో అడిగి వింటాను.