మొదటి వాయి ఐసు

ఐసు మిషన్ల మెకానిక్ భిక్షపతి మీటరు కంటే నాలుకనే ఎక్కువ నమ్మేవాడు. హైటెక్ సిటీలో ఏ హోటలు వంటింటికి వెళ్లినా చెప్పులు పక్కన విడిచి, మిషను తలుపుకు చెవి ఆనించి, నీళ్ల మోటారు చప్పుడు వినేవాడు. లోపల గార పట్టిన రేకులను యాసిడ్‌తో కడిగాక, మొదటి రెండు వాయిల ఐసునూ పారబోసేవాడు. మూడో వాయిలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేవాడు. పులుపు తగలకపోతేనే సర్వీసు కాగితం మీద సంతకం పెట్టేవాడు. ఇరవై ఏళ్లలో ఆ వరస ఒక్కసారీ తప్పలేదు.

ఆ మధ్యాహ్నం మాదాపూర్ హోటల్లో మొదటి వాయి ఇంకా పడుతుండగానే మేనేజరు శివశంకర్ బకెట్టు పట్టుకొచ్చాడు. పైన ఏదో కంపెనీ వాళ్లు మూడు వందల మంది భోజనాలకు కూర్చున్నారు.

"జర ఆగుండ్రి సార్, ఇది పారబొయ్యాలె. యాసిడ్ ఉంటది," అన్నాడు భిక్షపతి.

"నిమ్మ సోడాలోకే గదన్నా, పులుపు కలిసొస్తుందిలే. సంతకం పెట్టు. పెట్టకుంటే రేపట్నుంచి ఇంకొకర్ని పిలుచుకుంటాం."

ఒకప్పుడు తిరిగిన పది హోటళ్లలో భిక్షపతికి చివరికి మిగిలింది అదొక్కటే. సంతకం పెట్టాడు. శివశంకర్ అదే ఐసు వేయించిన సోడా గ్లాసు అతని చేతికిచ్చి, "ఎండన పడొచ్చినావు, తాగన్నా," అన్నాడు. వెయిటర్లు అవే సోడాల ట్రేలు పట్టుకుని నిలబడ్డారు. భిక్షపతి ఆఖరి చుక్క దాకా తాగాడు. శివశంకర్ అతని ముఖంలోకి ఓ నిమిషం పరీక్షగా చూసి, వెయిటర్ల వైపు తిరిగాడు.

"ఏం కాలేదు గదా. ఇంక పైకి తీసుకెళ్లండ్రా."