ఫౌంటెన్‌లో ఏరియేటరు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, రాజమండ్రి శివార్లలో చిన్న కంపెనీల కోసం సైన్సు పార్కు పెడితే ఎగిరి గంతేసినవాళ్లలో నేనొకణ్ణి. అన్యాయంగా మాట్లాడకూడదు, మొదట్లో అది చాలా మేలు చేసింది. తక్కువ అద్దెకి షెడ్డు ఇచ్చారు. నా బోటివాడు కొనలేని లేతు మిషను అందరికీ ఉమ్మడిగా వర్క్‌షాపులో పెట్టారు. రొయ్యల చెరువులో నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరియేటరు, తక్కువ కరెంటుతో తిరిగేది, చెయ్యాలని నా పట్టుదల. రెక్కలు ఊరికే విరిగిపోతుంటే, పక్క షెడ్డులో పంపులు చేసే ఆయన చూసి వాటి వంపు మార్పించాడు. ఆ పార్కే లేకపోతే ఆయన నాకు తగిలేవాడే కాదు.

మిషను తిరిగింది. నా ఖర్మ అక్కణ్ణించే మొదలైంది.

తణుకు దగ్గర రొయ్యల చెరువున్న మా బాబాయి దాని కోసం కాచుకుని కూర్చున్నాడు. మబ్బు పట్టి వదలకపోతే నీళ్లలో గాలి తగ్గి రొయ్యలు చస్తాయి. ముందటి పంట అలాగే పోయింది, ఇదీ పోతే చెరువు అమ్ముకోవడమే. పార్కు మేనేజరు గారేమో ఉన్న ఒక్క మిషన్నీ ఆఫీసు ముందు ఫౌంటెన్ తొట్టిలో దింపించారు. వచ్చే పెద్దలకి చూపించాలట. వారం తిరక్కుండా ఎవరో ఒకరు దిగేవారు. శాలువా, దండ, ఫోటో, జీడిపప్పు. పట్టుకెళ్తానని అడిగినప్పుడల్లా ఈ ఒక్క విజిట్ కానివ్వమనేవారు. పోనీ ఇంకోటి చేసుకుందామంటే వర్క్‌షాపుకి తాళం. నేల మీద ఇనప రజను కనిపిస్తే బాగుండదట. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అంటే ఇదే. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ వానాకాలం ముసురు పట్టింది. నేను వేదిక మీద శాలువా కప్పించుకుంటుండగా బాబాయి మినీ వ్యానేసుకుని వచ్చాడు. స్విచ్చి కట్టేసి, పంచె ఎగ్గట్టి తొట్టిలోకి దిగాడు. మేనేజరు గారు పరిగెత్తుకెళ్లారు.

"రొయ్య లేని నీళ్లకి గాలెందుకండీ?" అన్నాడు బాబాయి. "అక్కడ నా రొయ్యలు పైకి తేలిపోతున్నాయండి."

మేనేజరు గారు నావైపు చూశారు. నేను వేదిక దిగి, ప్యాంటుతోనే తొట్టిలో దిగాను. దారిలో దెబ్బ తగలకుండా శాలువా తీసి మోటారుకి చుట్టాను.

మేం చేరేసరికే సగం చెరువు పోయింది. మిగతా సగం ఆ మిషను నిలబెట్టింది. బాబాయి చచ్చిన రొయ్యల్ని వలతో తోడుతుంటే నేనూ చెరువులోకి దిగాను.

కొన్నాళ్లకి పార్కు నుంచి కబురొచ్చింది. ఫౌంటెన్ బోసిగా ఉందట, ఇంకో ఏరియేటరు చేసిపెట్టాలట. దానికైతే వర్క్‌షాపు తాళం తీస్తారట.