మడిచిన విస్తరి

మా లోవమ్మ పిన్ని పెళ్ళిళ్ళలో వడ్డన చేసేది. ఊరు కొవ్వూరు. వంట మేస్త్రి పల్లంరాజు దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేసింది. కొంగు బిగించి పప్పు బకెట్టుతో పంక్తిలోకి దిగిందంటే, మొదటి విస్తరిలో ఎంత పడిందో చివరి విస్తరిలోనూ అంతే పడేది. పెళ్ళికొడుకు మేనమామైనా అంతే, పిలవకుండా వచ్చి కూర్చున్నవాడైనా అంతే. "పంక్తిలో వలపక్షం మహాపాపమే," అనేది. ఆవిడ వెనకాలే సాంబారు మోసేదాన్ని కాబట్టి ఈ మాట నాకు వందసార్లు వినపడింది.

పూర్వం ఒక బంతి తిని లేచేదాకా రెండో బంతివాళ్ళు అరుగుల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. ఫంక్షన్ హాళ్ళు వచ్చాక తినేవాడి కుర్చీ వెనకాలే మనిషి నిలబడటం మొదలైంది. ముందు జేబురుమాలు వేసి చోటు పట్టేవారు, తరవాత బండి తాళాలు, ఆపైన సెల్‌ఫోన్లు. ఎదుటివాడి మెడ మీద ఊపిరి వదులుతూ అతని విస్తరిలోకి చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. పిన్ని మాత్రం, "ఆకలే పాపం, ఏం చేస్తారు," అని సర్దిచెప్పేది.

2001లో రాజమండ్రి నుంచి టీచరు రత్నమాణిక్యం గారు మా ఇంటికి వచ్చి, పిన్నికి బొట్టు పెట్టి, కూతురి పెళ్ళికి శుభలేఖ ఇచ్చారు. "వడ్డనకి కాదు లోవమ్మా, భోజనానికి రావాలి," అన్నారు. వేల మందికి వడ్డించిన మనిషిని బొట్టు పెట్టి భోజనానికి పిలవడం అదే మొదటిసారి. ఆ శుభలేఖ వారం రోజులు దేవుడి పటం దగ్గర ఉంది.

ఆ పెళ్ళిలో వడ్డన మాదే. పిన్ని నా నీలం చీర కట్టుకుని, మూడో వరసలో, కొత్తకోడలిలా ఒదిగి కూర్చుంది. నేను సాంబారు వడ్డించి పక్క వరసకి తిరిగాను. ఇంతలో ఒకడు ఆవిడ వెనకాల చేరి, కుర్చీ మీద చెయ్యి వేసి, విస్తరి పక్కన సెల్‌ఫోన్ పెట్టాడు. వేలికి ఆకుపచ్చ రాయి ఉంగరం.

"ఏంటి, అవలేదా ఇంకా?"

"పెరుగు ఒక్కటేనండి బాబూ. వేసుకుని లేస్తాను."

"పెరుగు ఇంటికెళ్ళి వేసుకో. లే."

అని ఊరుకోలేదు. వంగి, ఆవిడ చెయ్యి విస్తరిలో ఉండగానే, దాన్ని మడిచేశాడు.

అన్నం ముందునుంచి కుక్కనైనా లేపం. పిన్ని లేచింది. చెయ్యి కడుక్కుని, అక్షతలు వేసి వచ్చేసింది. ఆ రాత్రి నేను పెరుగు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "వాడి విస్తరి నేను మడిచిన రోజున తింటాను," అంది. పెరుగు లేనిదే ముద్ద దిగని మనిషి, పధ్నాలుగు నెలలు చారన్నంతోనే సరిపెట్టింది. ఏ పెళ్ళికెళ్ళినా ముందు ముఖాలు చూసేది కాదు, వేళ్ళు చూసేది. మొదట్లో నవ్వుకున్నాను గానీ, తరవాత నేనూ చూడటం మొదలుపెట్టాను.

ఆ ఉంగరం మాకు కొవ్వూరులోనే దొరికింది. ఈసారి వాడు కూర్చున్నాడు. సెల్‌ఫోన్ షరా మామూలే, విస్తరి పక్కన. నేనైతే సాంబారు బకెట్టులో పడేసి ఉందును. పిన్ని ఆ ఫోన్ కొంగుతో తుడిచి, తడి తగలకుండా పక్కకి జరిపి, "మొహమాటపడకండి బాబుగారూ," అంటూ వడ్డన సాగించింది. అందరికీ రెండేసి బూరెలు, వాడికి నాలుగు. పులిహోర మారు, కూర మారు. ఇరవై ఏళ్ళలో ఆవిడ పంక్తిలో వలపక్షం చూడటం నాకు అదే మొదటిసారి. వాడు మురిసిపోయి, "ఈవిడకి మర్యాద తెలుసండి," అని పక్కాయనతో అన్నాడు.

పిన్ని నా దగ్గరకొచ్చి పెరుగు బకెట్టు అడిగి తీసుకుంది. వరసగా వేసుకుంటూ వచ్చింది. వాడి ముందుకొచ్చేసరికి బకెట్టు కింద పెట్టింది. వాడు అన్నంలో గుంట చేసుకుని ఎదురుచూస్తున్నాడు. రెండు చేతులతోనూ, బూరెలతో సహా, వాడి విస్తరి మడిచేసింది.

"పెరుగు ఇంటికెళ్ళి వేసుకోండి బాబుగారూ. లెగండి."

పంక్తి మొత్తం చేతులాపి చూసింది. వాడు మెతుకులంటిన చెయ్యి గాలిలోనే ఉంచి, "ఎవరు నువ్వు?" అన్నాడు.

"రాజమండ్రి పెళ్ళిలో నా విస్తరి మడిచారండి."

వాడు నిజంగానే గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. "ఏ పెళ్ళిలో?" అన్నాడు.

పల్లంరాజు పరిగెత్తుకొచ్చి వాడికి దణ్ణాలు పెట్టాడు. పిన్ని వైపు తిరిగి, "రేపట్నుంచి రావద్దు లోవమ్మా," అన్నాడు. ఆవిడ బకెట్టు నా చేతికిచ్చి, చెయ్యి కడుక్కుని, నడిచి ఇంటికి వెళ్ళిపోయింది.

నేను పని ముగించుకుని వెళ్ళేసరికి పీట మీద కూర్చుని ఉంది. ముందు అరిటాకు, అందులో అన్నం. ఇంట్లో ఉన్నది రెండు రోజుల నాటి పెరుగు. అదే వేశాను. నిదానంగా, వేళ్ళ సందుల్లోంచి కారనిస్తూ తింది.

"పులిసిపోయిందేమో పిన్నీ," అన్నాను.

"లేదే," అంది. "కమ్మగా ఉంది. ఇంకాస్త వెయ్యి."