నాలుగు గీతల నాలుగు

సాయంత్రం ఆరున్నరకు మా ఇంట్లో ఫోన్ మోగుతుందంటే, ఆరింటి నుంచే నాకు కడుపులో మంట మొదలయ్యేది. ఫోన్ తిరుపతి నుంచి. చేసేది మా వియ్యపురాలు, అంటే నా కోడలి తల్లి. మాట్లాడేది మాత్రం నాతో కాదు, నా మనవరాలితో. అదీ మా ఇంట్లో, నా మంచం మీద, నేను పక్కనే కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టుకుంటూ ఉండగా.

మాది నగరి. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు మరమగ్గాలున్నాయి. మా ఆయన, మా అబ్బాయి వాటి దగ్గరే ఉంటారు. కోడలికి పుత్తూరులో ఉద్యోగం, బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఏడు దాటుతుంది. మనవరాలు ఆరో తరగతి. పుట్టినప్పటి నుంచి నా చేతుల్లో పెరిగిన పిల్ల. బడి నుంచి రాగానే నా పక్కన కూలబడి, నేను చుట్టి పడేసిన కండెలను రంగుల వారీగా బుట్టలో సర్దుతూ, బడిలో జరిగినవన్నీ చెప్పేది. ఎవరు ఎవరితో పలకడం లేదో, ఎవరి డబ్బాలో ఏం కూర తెచ్చుకున్నారో, ఏ టీచరు ఎవరిని ఏమన్నదో, ఒక్కటీ వదిలేది కాదు.

అది రెండేళ్ళ కిందటి మాట. అప్పుడే వియ్యపురాలు టీచరు ఉద్యోగం నుంచి రిటైరైంది. "పాపకు హోంవర్కు నేను చెప్తాలెండి, వీడియోలో. నాకూ పొద్దు పోతుంది" అంది. మంచిదేగా అనుకున్నాం. ఏకులా వచ్చింది, మేకై కూర్చుంది.

ఆమె మంచి మనిషి. నా బాధంతా అదే. చెడ్డదైతే హాయిగా తిట్టుకుంటూ బతికేదాన్ని. నా ఈడుదే అయినా తెల్లవారక ముందే అలిపిరి దాకా నడిచి వస్తుంది. మెడలో తాడుకు కళ్ళద్దాలు వేలాడుతుంటాయి. పుస్తకం తెరిచినట్టు మాట్లాడుతుంది. ఫోన్లో ఆమె వెనక మిద్దె, మిద్దె వెనక కొండ కనిపిస్తాయి. నా వెనక ఏముంది? నూలు కట్టలు, సున్నం రాలిన గోడ, ఆ గోడకు ఒక గడియారం. మనవరాలికి ఆకలైతే అవ్వ కావాలి, అర్థం కాకపోతే అమ్మమ్మ కావాలి. అమ్మమ్మతో మాట్లాడి ఫోన్ పెట్టేసరికి పిల్ల నవ్వి నవ్వి అలసిపోయి ఉండేది. ఇక బడి ముచ్చట్లు రెండోసారి నాకేం చెబుతుంది?

"ఏంటికవ్వా అంత గట్టిగా తిప్పుతావు, దారం తెగుతాది" అనేది మధ్యలో. నా చేతులు కోపాన్ని దాచుకోలేకపోయేవి.

నేను ఏడో తరగతి వరకు చదివి మగ్గాల్లో పడ్డాను. తెలుగులో ఏది దొరికినా చదువుతాను, వారపత్రిక వస్తే అట్ట నుంచి అట్ట దాకా వదలను. కానీ పిల్లదేమో ఇంగ్లీషు చదువు. లెక్కలు కూడా ఇంగ్లీషులోనే. అందులో నేను వేలు పెట్టే చోటే లేకుండా పోయింది.

ఇలా ఉండగా వియ్యపురాలు కొండమీద సేవకు పేరు రాయించుకుంది. వారం రోజులు అక్కడే ఉండాలి, సేవలో ఉన్నప్పుడు ఫోన్ దగ్గర ఉంచుకోకూడదట. ఆ మాట కోడలు చెప్పగానే నేను లోపలికి పోయి దేవుడి పటం ముందు నిలబడ్డాను. స్వామీ, వారం ఏం సరిపోతుంది, నెల రోజులు పెట్టుకో అని మొక్కుకున్నాను. ఆయనకు నవ్వొచ్చి ఉంటుంది.

సోమవారం ఆరున్నరైంది. ఫోన్ మోగలేదు. పిల్ల లెక్కల పుస్తకం ముందేసుకుని గోళ్ళు కొరుక్కుంటోంది.

"ఏం పాపా, ఏం పాఠం?" అన్నాను, ఏమీ పట్టనట్టు.

"రోమన్ అంకెలవ్వా. శుక్రవారం పరీచ్చ ఉండాది. అమ్మమ్మేమో లేదు."

"అవ్వ ఉండాది కదా."

పిల్ల తలెత్తి చూసింది. "నీకొచ్చునా అవ్వా?" అంది. వెక్కిరించలేదు పాపం, నిజంగానే అడిగింది. వెక్కిరించినా అంత గుచ్చుకునేది కాదు.

"ముప్పై ఏండ్లుగా సూస్తా ఉండాను వాటిని" అన్నాను.

అబద్ధం కాదు. గోడ మీది గడియారం మొదటి మరమగ్గం పెట్టినప్పుడు మా ఆయన మద్రాసులో కొని తెచ్చింది. చెక్క చట్రం, తెల్లటి ముఖం, దాని మీద ఆ అంకెలే. నిజం చెప్పాలంటే నేను ముల్లు ఏ పక్కకుందో చూసి టైము చెప్పేదాన్ని తప్ప, ఏనాడూ అంకె ముఖం చూసిన పాపాన పోలేదు. ఆ సంగతి పిల్లకు చెప్పాల్సిన అవసరం లేదనుకున్నాను.

స్టూలు వేసుకుని ఎక్కాను. నా మోకాళ్ళ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. "అవ్వా వద్దు, పడతావు" అని పిల్ల స్టూలు కాళ్ళు రెండూ గట్టిగా పట్టుకుంది. గడియారం దించి, నూలు దుమ్ము కొంగుతో తుడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కింది సగంలో అంకెలు తలకిందులుగా ఉంటాయి. అందుకని గడియారాన్నే చక్రంలా తిప్పుతూ ఒక్కో అంకె మీద వేలు పెట్టాను. ఒక గీత ఒకటి. రెండు గీతలు రెండు. మూడు గీతలు మూడు. నాకే ముచ్చటేసింది, ఇంత సులువుదానికా రెండేళ్ళు కుళ్ళుకున్నానని.

"నాలుగు గీతలు నాలుగు" అన్నాను.

"పుస్తకంలో ఇట్ల లేదవ్వా" అంది పిల్ల. చూపించింది. ఒక గీత, పక్కన ఐదు గుర్తు. IV.

కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. అలాగే ఉంది. గడియారంలో చూశాను. IIII. శుభ్రంగా నాలుగు గీతలు.

బుద్ధున్న మనిషైతే "నాకు తెలీదు పాపా, రేపు టీచర్ని అడుగు" అనేది. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ అలా అంటే వారం తరువాత ఆ తిరుపతి ఆమె ఫోన్లో నవ్వుతూ సరిదిద్దుతుంది, పిల్ల ఆహా అంటుంది, నేను కండెలు చుట్టుకుంటాను. ఆ దృశ్యం కళ్ళ ముందు కదిలి, వచ్చిన మాటను వెనక్కి మింగాను.

"అది అచ్చుతప్పు" అన్నాను.

అంతటితో ఆగానా, లేదు. పిల్లను షెడ్డులోకి తీసుకుపోయి గోడ చూపించాను. మా మగ్గాల ఇళ్ళల్లో ఒక్కో పంచె నేత ముగిసి మగ్గం దిగగానే గోడ మీద సుద్దముక్కతో ఒక నిలువు గీత గీస్తారు. నాలుగైతే నాలుగు గీతలు, ఐదోది దిగితే వాటి మీద ఒక అడ్డగీత. మా మామ గీసేవాడు, మా ఆయన గీస్తాడు, మా అబ్బాయీ గీస్తాడు. ఆ సాయంత్రం రెండో మగ్గం పక్కన సరిగ్గా నాలుగు గీతలే ఉన్నాయి, నా తరఫున సాక్ష్యం చెప్పడానికి నిలబడినట్టు.

"సూసినావా? గడియారమూ అదే సెప్తా ఉండాది, గోడా అదే సెప్తా ఉండాది. మగ్గం తెలిసినోళ్ళు ఎవురైనా నాలుగంటే నాలుగు గీతలే గీస్తారు."

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

పిల్ల మళ్ళీ గడియారం దగ్గరికి వచ్చి కాసేపు చూసింది. "అవ్వా, తొమ్మిదికి మాత్రం పదికి ముందర ఒక గీత పెట్టినారే. మరి నాలుక్కి ఐదుకు ముందర ఎందుకు పెట్టలేదు?"

 "అది అట్లనే. గడియారం సేసినోడు నీకంటే తెలివితక్కువోడా? గమ్ముగా రాయి" అన్నాను.

పిల్ల నా ముఖం చూసింది. తరువాత గడియారం వంక చూసింది. పుస్తకం ముందుకు లాక్కుని నాలుగు గీతలూ రాసుకుంది.

ఆ నాలుగు రోజులు నేను రెండేళ్ళ కరువు తీర్చుకున్నాను. ఆరున్నరకు పిల్ల నా పక్కకే వచ్చేది. మంగళవారం ముప్పై దాకా రాశాం. బుధవారం ఇంట్లో అందరి వయసులూ రాశాం. కోడలికి ముప్పై నాలుగు, XXXIIII. మా ఆయనకు అరవై నాలుగు, LXIIII. యాభై గుర్తు మాత్రం పిల్ల పుస్తకంలో చూసి నాకు చెప్పింది, దాన్ని నేనే చెప్పినట్టు తల ఊపాను. రాస్తూ రాస్తూ బడి ముచ్చట్లన్నీ మళ్ళీ మొదలుపెట్టింది. వాళ్ళ తరగతిలో ఒక పిల్ల సత్యవేడు నుంచి వచ్చి కొత్తగా చేరిందట, అరవం కలిపి మాట్లాడుతుందట, ఆ పిల్లకు డబ్బాలో రోజూ పులిహోరేనట. ఈ సంగతి తిరుపతిలో ఎవరికీ తెలియదు, ముందు నాకే తెలిసింది. నేను పులిహోర గురించి పది ప్రశ్నలు అడిగాను.

శుక్రవారం పరీక్ష బాగా రాశానంది. సోమవారం పేపరు ఇచ్చారు. అదే సోమవారం మధ్యాహ్నం వియ్యపురాలు కొండ దిగింది.

ఏడింటికి కోడలు వచ్చి, సంచి కూడా దించకుండా పేపరు చూసింది. ఇరవైకి పన్నెండు. ఎప్పుడూ పద్దెనిమిదికి తగ్గని పిల్ల. నాలుగు ఉన్న ప్రతి చోటా ఎర్ర సిరాతో కొట్టివేత.

"ఏమ్మే, నాలుగు రాసేది తెలీదా? ఎవురు నేర్పించినారు నీకు ఇట్ల?"

పిల్ల మాట్లాడలేదు. కనీసం నా వైపు తిరగను కూడా లేదు. నేనూ మాట్లాడలేదు. రాట్నం దగ్గర కూర్చున్నదాన్ని తల వంచుకుని దారం కొస వెతుక్కుంటున్నట్టు నటించాను. అరవై రెండేళ్ళదాన్ని, పదకొండేళ్ళ పిల్లను నా బదులు తిట్లు తిననిచ్చాను. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

అప్పుడే ఫోన్ మోగింది. కోడలు ఎత్తి, పేపరు ఫోన్ ముందు పెట్టి, "సూడు మా, నీ మనవరాలి నిర్వాకం" అంది.

వియ్యపురాలు మెడలో అద్దాలు కళ్ళకు పెట్టుకుంది. పేపరు చూసింది. తరువాత ఆమె చూపు పేపరు దాటి ఈ పక్కకు వచ్చింది. నా మంచం, నూలు కట్టలు, గోడ, గోడకు మళ్ళీ తగిలించిన గడియారం. రెండేళ్ళుగా సాయంత్రాలు నా వెనక ఆమెకు కనిపిస్తున్న గడియారమే. ఆమెకు అంతా అర్థమైపోయిందని నాకూ అర్థమైంది.

"దాన్నేమీ అనొద్దు. పోయే ముందు నేనే చెప్పుంటాను అట్లా" అంది. "పాత గడియారాల్లో నాలుగు అట్లా కూడా వేస్తారు. నాదే పొరపాటు."

కోడలి కోపం దిగిపోయింది. "నువ్వేనా? సరేలే" అని పేపరూ ఫోనూ మంచం మీద పడేసి లోపలికి పోబోయింది.

బతికిపోయానని నేను సంతోషించాలి కదా. సంతోషించలేదు. ఇంకా ఎక్కువ మండింది. చదువు ఆమెదే, నవ్వులూ ఆమెవే, చివరికి నేను చేసిన తప్పు కూడా ఆమె పేరు మీదకే పోయింది. నన్ను కాపాడి, అందులోనూ నాకంటే పెద్దదైంది.

పేపరు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు చూశాను. మొదటి లెక్కలో పిల్ల ముందు IV అని రాసింది. దాన్ని సన్నగా పెన్నుతో కొట్టేసి పక్కన IIII వేసింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. అక్కడి నుంచి కొట్టివేతలు లేవు, నేరుగా నాలుగు గీతలే.

"పాపా, నీకు ముందే తెలుసునా?"

పిల్ల తల వంచుకుంది. "తెలుసు. ఆ తెల్లారే టీచర్ని అడిగినా. అచ్చుతప్పు కాదనింది."

"మరి ఎందుకు కొట్టేసినావే?"

"నువ్వు మోకాళ్ళ నొప్పితో స్టూలెక్కి దించినావు కదవ్వా" అంది, అదేదో అందరికీ తెలిసిన లెక్కల సూత్రమైనట్టు.

కోడలు గడప దగ్గర ఆగిపోయింది. నేను లేచి, మంచం మీది ఫోన్ తీసుకుని ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాను.  

"వదినా, అది మీరు నేర్పించింది కాదు. నేను నేర్పించినాను. ఈ ఎనిమిది మార్కులూ నాకోసం పోయినవి. వీటిని మాత్రం మీరు తీసుకోవద్దండి."

 ఆమె కళ్ళద్దాలు తీసి తాడుకు వదిలేసింది. మామూలుగా అయితే నవ్వేది. నవ్వలేదు.

"రెండేళ్ళుగా రోజూ చెప్తున్నాను వదినా" అంది. "నాకోసం ఒక్క మార్కు పోగొట్టుకోలేదు ఆ పిల్ల."

ఆ గొంతును నేను వెంటనే గుర్తుపట్టాను. రెండేళ్ళుగా నేను దారం తెగేలా రాట్నం తిప్పుతూ లోపల్లోపల మాట్లాడుకున్న గొంతే. జాలిపడాలి అప్పుడు. పడ్డాను కూడా, తరువాతెప్పుడో. ఆ పూట మాత్రం ఫోన్ పిల్ల చేతికి ఇచ్చి, చేతులు కడుక్కుని, రోజూ కంటే రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.