ముడుపు కట్టిన ట్రాక్టర్

నా మరిది సమ్మన్నను బాన్సువాడలో పిన్ను సమ్మన్న అంటారు. ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు. నా భర్త చచ్చిన రోజున వచ్చింది.

పదకొండేళ్ల కింద బీర్కూర్ నుంచి వడ్ల లోడు తెస్తున్నారు. సమ్మన్న తోలుతున్నాడు. నా భర్త పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. ట్రాక్టర్‌నూ ట్రాలీనీ కలిపే ఇనుప పిన్ను విరిగింది. ట్రాక్టర్ ఎగిరిపడితే ఆయన వెనక్కి జారి ట్రాలీ చక్రం కింద పడ్డాడు. పిన్ను అరిగింది, కొత్తది వేద్దామని సమ్మన్న ముందు రోజే అన్నాడు. నేను పక్కనే బియ్యం చెరుగుతున్నాను, నా చెవులతో విన్నాను. "ఈ లోడు తెచ్చినంక జూద్దాం తియ్" అన్నది నా భర్తే. పంచాయతీలో ఆ మాట నేను చెప్పలేదు. చెబితే చచ్చిన మనిషి మీద తప్పు పడుతుంది. బతికినవాడికి భుజాలున్నాయి, వాడే మోయనీ అనుకున్నాను.

మోశాడు. రైసుమిల్లులో బస్తాలు మోశాడు, పంక్చర్ షాపు దగ్గర ఊళ్లోవాళ్ల ట్రాక్టర్లు కడిగాడు. ఇంజన్ చప్పుడు విని ఎక్కడ ఏం పోయిందో చెప్పేవాడు. చెబితే తప్పేది కాదు. అందుకే జనం ఆయన చేత బండి విప్పించుకునేవారు. తోలనిచ్చేవారు మాత్రం కాదు. బాగు చేసిన బండిని ఇంటిదాకా తోలుకెళ్లడానికి ఇంకో మనిషిని పిలిచేవారు. ఆయన ఆ బండి వెనకాల నడిచి వచ్చేవాడు. మా ఇంటికి వచ్చినా గడప దాటనిచ్చేదాన్ని కాదు. చాయ్ గ్లాసు మెట్టు మీద పెట్టేదాన్ని. తాగి, కడిగి, అక్కడే బోర్లించి పోయేవాడు.

నా కొడుకు భీంరావుకు తొమ్మిదేళ్లు పిల్లల్లేరు. కోడలు వనిత కడుపు పండితే సొంత బండి కట్టుకుని తుల్జాపూర్ అమ్మవారి గుడికి వస్తాను, పిల్లకు మూడేళ్లు నిండేలోపు అక్కడే పుట్టువెంట్రుకలు తీయిస్తాను అని నేను మొక్కుకున్నాను. మనవరాలు పుట్టింది. ఈ మార్చిలో ఒక శనివారానికి దానికి మూడేళ్లు నిండుతాయి. ముందు రోజు శుక్రవారం పొద్దునే వెంట్రుకలు తీయించాలి.

ఎండలో పిల్లను ట్రాలీలో ఎలా కూర్చోబెడతామని భీంరావు ఒక పాత స్కూలు బస్సు బాడీ తెచ్చాడు. సమ్మన్న దాన్ని కోసి, వెల్డింగ్ పెట్టించి ట్రాలీ మీద బిగించాడు. రెండు బల్లలు, పొయ్యికి చోటు, కిటికీలకు తెరలు. మేం దాన్ని డబ్బా అన్నాం. నెల రోజులు చేశాడు. తోలడానికి మాట్లాడుకున్న శివరాంకు ప్రయాణం రెండు రోజులుందనగా పచ్చకామెర్లు వచ్చాయి. భీంరావుకు మోటరు సైకిలు తప్ప ఏదీ రాదు.

"కాక, నువ్వే తోలాలె" అన్నాడు భీంరావు.

సమ్మన్న నా వైపు చూశాడు.

"అవ్వను జూడకు, నన్ను జూడు. తుల్జాపూర్ పోయి మంచిగ తిరిగొస్తే ఇగ ట్రాక్టర్ నువ్వే తోలు. ఊళ్లె ఎవడేమన్నా నేను జూస్కుంట. నడుమల ఏమన్న అయ్యిందంటే మాత్రం, కాక, ఇగ జీవితంల స్టీరింగు ముట్టకు."

"ఏం గాదు భీమూ" అన్నాడు. బుధవారం తెల్లవారగానే గడ్డం గీయించుకుని, కొత్త అంగీ వేసుకుని వచ్చాడు. సంచీలో మూడు కొత్త పిన్నులు. పెళ్లికొడుకు బాసింగం తెచ్చినట్టు పట్టుకొచ్చాడు.

ఆయన రాకముందే నేను నా పని చేసుకున్నాను. అమ్మవారికి పెట్టే ఆకుపచ్చ చీరలో కొబ్బరికాయ, పసుపు, బియ్యం పెట్టి ముడుపు కట్టాను. ముడుపు బండికి ముందు నడవాలి. బయట కడితే ఊడి రోడ్డు మీద పడుతుంది. అందుకని ట్రాక్టర్ ముందున్న జాలీ తీసి, లోపల చీరను వెడల్పుగా పరిచి గట్టిగా కట్టి, మళ్లీ జాలీ పెట్టేశాను. మొక్కు తీరేదాకా విప్పకూడదు. సమ్మన్న వచ్చి పైన మూత తీసి నీళ్లు చూశాడు, నూనె చూశాడు, పిన్ను చూశాడు. జాలీ వెనక చూడలేదు. చీర ఉంటుందని ఎవరనుకుంటారు?

బిచ్కుంద దాటాక డబ్బా చక్రం పంక్చరైంది. జాకీ పెట్టి, రాయి ఆనించి, మేం చాయ్ తాగేలోపు చక్రం మార్చేశాడు. మద్నూర్ దగ్గర డబ్బా ఒక పక్కకు లాగుతోందని దిగి, బోల్టు బిగించాడు. ఆగిన ప్రతిచోటా పిన్ను తట్టి చూశాడు.

"మూడు పిన్నులు తెచ్చినవ్. గప్పుడు ఒక్కటి తెస్తే నా మొగుడుంటుండె" అన్నాను.

"అవును వదినె" అన్నాడు. అంతే. ఎదురు మాట్లాడితే నాకూ కొంచెం బాగుండేది.

దెగ్లూర్ దాటి ఉద్గీర్ వైపు చడావు మొదలైంది, రోడ్డంతా ఎత్తెక్కడమే. ఇంజన్ మూలుగుతోంది, వెనక డబ్బా బరువు. వేడి చూపించే ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. సమ్మన్న బండి ఆపాడు. చల్లారాక నీళ్లు పోశాడు. ఫ్యాన్ బెల్టు బిగించాడు. ఒక కోసు పోయాం, మళ్లీ ముల్లు ఎర్రగీత. మళ్లీ ఆపాడు. రేడియేటర్ రెక్కల్లో మట్టి ఉందేమోనని ఈసారి ముందు జాలీ తీశాడు.

చీరను చూస్తూ అట్లాగే నిలబడ్డాడు.

"వదినె, గిదేంది?"

"ముడుపు."

"గాలి ఆడాలె గదా. రేడియేటర్‌కు గాలి తగుల్తనే నీళ్లు సల్లబడేది. చీర మొత్తం కప్పింది. తీసి డబ్బాల పెట్టు, లేకుంటే బానెట్ మీద కడత. ముందే ఉంటది."

"నీ చెయ్యి దాని మీద పడ్డదంటే జూడు. మొక్కు దాక విప్పద్దు."

భీంరావు దిగి వచ్చాడు. "కాక, అవ్వ ముడుపు జోలికి పోకు. ఇంకేమన్న ఉన్నదేమో జూడు."

"ఇంకేం లేదు భీమూ. ఇదే."

"ఇన్నేండ్లాయె స్టీరింగు పట్టక. నీకు తోలొస్తలేదని చెప్పు, ముడుపు మీద పెట్టకు."

డబ్బా కిటికీలోంచి వనిత తల పెట్టింది. "అత్తా, చిన్న మామ చెప్తుండు గదా. జర తీసి, మల్ల పెడదాం."

"తొమ్మిదేండ్లు ఎండిన కడుపు నీది. ఎవరి మొక్కుతోని పండింది? తీస్తవా? రా, దిగి నువ్వే తియ్యి."

కిటికీ తెర మూసుకుంది.

సమ్మన్న జాలీ మళ్లీ పెట్టాడు. గోనెసంచి తడిపి రేడియేటర్ పైభాగాన వేశాడు. కాలినడకన పోయేవాళ్లు మమ్మల్ని దాటిపోయేంత మెల్లగా తోలాడు. రెండు క్యాన్ల నీళ్లు ఇంజనే తాగేసింది. అట్లా సగం చడావు ఎక్కి, సోనాబాయి అనే మరాఠీ ఆమె చాయ్ హోటల్ ముందు ఆగిపోయాం. మూత సందులోంచి బుసలు కొడుతూ ఆవిరి వస్తోంది.

సోనాబాయి బకెట్‌తో నీళ్లు తెచ్చి, వంగి జాలీలోంచి లోపలికి చూసింది. చూసి పకపకా నవ్వింది. "తాయీ, ఇంజిన్‌లా సాడీ నేసవలీ కా?"

ఇంజన్‌కు చీర కట్టారా అంటోంది. మద్నూర్ సంతకు పోయినవాళ్లందరికీ ఆ మాత్రం మరాఠీ వస్తుంది. నాకూ వస్తుంది. నేను రానట్టు మొహం తిప్పుకున్నాను. సమ్మన్న మాత్రం నవ్వాడు. ఆ రోజు ఆయన పక్షాన మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. ఆ నవ్వు నాకు ఎక్కడో కాలింది.

భీంరావు ఫోనులో టైము చూసుకుంటున్నాడు. "చీకటి పడక ముందల ఉద్గీర్ చేరకుంటే రేపు తుల్జాపూర్ అందం. కాక, మూత తియ్యి, నీళ్లు పొయ్యి, నడువ్."

"అరగంట ఆగాలె. ఇప్పుడు తీస్తే ఎగజిమ్ముతది."

"పొద్దటి సంది అరగంట, అరగంట. ఎన్ని అరగంటలు?"

నేను డబ్బా మెట్టు మీద కూర్చుని ఉన్నాను. అక్కడి నుంచే అన్నాను. "నా మొగుణ్ని మింగినవ్. గది సాలలేదా? పిల్ల మొక్కు గూడ మింగుతవా? శాతగాకుంటే దిగిపో, ఎవడన్న మొగోడొచ్చి తోల్తడు."

సమ్మన్న నన్ను చూశాడు. కోపం లేదు. లెక్క తెలిసినవాడు తెలియనివాణ్ని చూసినట్టు చూశాడు. "పిల్లను దూరం తీస్కపోండ్రి" అన్నాడు. వనిత పిల్లను ఎత్తుకుని హోటల్ వెనక్కి పోయింది. ఆయన గోనెసంచి నాలుగు మడతలు పెట్టి, మొహం పక్కకు తిప్పుకుని, మూత తిప్పాడు.

నీళ్లు కొబ్బరిచెట్టంత ఎత్తు లేచాయి. కుడి చెయ్యి మోచేతి దాకా, మెడ, ఒక చెవి. కొత్త అంగీ ఒంటికి అంటుకుపోయింది. అరవలేదు. సోనాబాయి తొట్టి దగ్గరికి తనే నడిచి పోయి చెయ్యి అందులో ముంచి కూర్చున్నాడు. చర్మం నీళ్లలో తేలింది. అది నేను చూశాను.

"ఇప్పుడన్న తియ్యి వదినె" అన్నాడు.

"చెయ్యి గాలినా బుద్ధి రాలే" అన్నాను.

జీపొకటి ఆపి భీంరావు ఆయనను ఉద్గీర్ దవాఖానకు తీసుకెళ్లాడు. మంచం మీద పడుకోబెట్టి, ఒక నీళ్ల సీసా, నాలుగు అరటిపళ్లు పెట్టి, అదే జీపులో ఇంకో డ్రైవర్‌ను తీసుకుని వచ్చాడు. పేరు ధన్‌సింగ్. ముప్పై ఏళ్లుంటాయి, నోట్లో గుట్కా, మాట తక్కువ. భీంరావు క్యాన్లు పట్టుకుని నీళ్లకు సోనాబాయి వెనకాల బావి దగ్గరికి పోయాడు. వనిత హోటల్ లోపల పిల్లను జోకొడుతోంది.

ధన్‌సింగ్ జాలీ తీశాడు. చీర చూశాడు. నన్ను అడగలేదు. ముడి కోసి, మొత్తం లాగి, నా ఒళ్లో పడేశాడు. కొబ్బరికాయ నా మోకాలికి తగిలింది.

 ముడుపును డబ్బాలో బియ్యం సంచి కింద పెట్టాను. భీంరావు వచ్చేసరికి జాలీ ఎప్పటిలాగే ఉంది.

ముల్లు మళ్లీ ఎర్రగీత దిక్కు చూడలేదు. ఉద్గీర్, లాతూర్ దాటి గురువారం పొద్దుగూకేసరికి తుల్జాపూర్‌లో ఉన్నాం. భీంరావు ఊరందరికీ ఫోనులో ఒకటే మాట. "గదే ట్రాక్టర్, గదే డబ్బా, గదే ముడుపు. డ్రైవర్ మారంగనే ఇంజన్ మారింది. మా కాక చేతిలనే ఉన్నది దోషం."

శుక్రవారం పొద్దున పిల్ల వెంట్రుకలు ఇచ్చాం. భీంరావు పిల్లను ఎత్తుకుని ముందు నడుస్తుంటే, అప్పుడే జాలీలోంచి తీసినట్టు ముడుపు పట్టుకుని నేను వెనక పోయాను. చీర విప్పితే రేడియేటర్ రెక్కల గీతలు దాని మీద వరసగా మసితో పడి ఉన్నాయి. పూజారి మడత తిప్పి, గీతలు లోపలికి పోయేలా పెట్టి తీసుకున్నాడు. మా మొక్కు తీరింది. ధన్‌సింగ్ మమ్మల్ని బాన్సువాడలో దింపి, ఆ పూటే బస్సెక్కి పోయాడు.

సమ్మన్న పది రోజులకు వచ్చాడు. నేరుగా మా ఇంటికే. కుడి చేతి వేళ్లు వంగి, ఒకదానికొకటి అంటుకుపోయి, గిన్నె పట్టుకున్నట్టు నిలిచిపోయాయి. చెవి ముడుచుకుపోయింది. వాకిట్లో భీంరావు ఉన్నాడు, కామెర్లు తగ్గిన శివరాం ఉన్నాడు. ట్రాక్టర్ తాళం శివరాం వేలికి తిరుగుతోంది.

"కూసో కాక" అన్నాడు భీంరావు.

"కూసోను. వదినెను ఒక్క మాట అడగొచ్చిన." నా వైపు తిరిగాడు. "సోనాబాయి హోటల్ కాడ ఆ డ్రైవర్ చీర తీసిండా, తియ్యలేదా? గంతే చెప్పు. నాకు ఇంకేం వద్దు."

భీంరావు నన్ను చూశాడు. శివరాం తాళం తిప్పడం ఆపాడు. ఒక్క మాట. తీశాడు అంటే పదకొండేళ్ల కిందటి మాట కూడా దాని వెనకే లేస్తుంది. ఈ చెయ్యి ఎవరి నోటికి కాలిందని కోడలు అడుగుతుంది. నేను పెద్దదాన్ని. ఈ వయసులో మెట్టు మీద కూర్చుని చాయ్ తాగలేను.

"తియ్యలే. గుడి దాక గట్లనే ఉండె" అన్నాను.

"విన్నవా కాక?" అన్నాడు భీంరావు.

"విన్న" అన్నాడు సమ్మన్న. వనిత చాయ్ తెచ్చింది. లోపలికి రమ్మంది. ఆయన మెట్టు మీదే కూర్చుని, ఎడమ చేత్తో తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. పోతూ పోతూ ట్రాక్టర్ వెనక ఆగాడు. వంగి, తుల్జాపూర్ దాకా డబ్బాను లాగి వచ్చిన పిన్నును ఎడమ చేత్తో తట్టాడు. రెండుసార్లు తట్టాడు. శివరాం, భీంరావు అప్పటికే లోపలికి పోయారు. నేనే ఉన్నాను.

"అరిగింది వదినె, మార్పియ్యి" అని చెప్పి రోడ్డు దాటాడు.

భీంరావును కేకేసి ఆ పూటే కొత్త పిన్ను వేయించాను. అది వేసేదాకా శివరాంను ట్రాక్టర్ ఎక్కనివ్వలేదు.

"గింత మంచిగ ఎట్ల కనవెట్టినవ్ అవ్వా? ఎవరు చెప్పిన్రు?" అన్నాడు భీంరావు, పాత పిన్ను వెలుగులోకి పట్టి చూస్తూ.

"ఎవరు చెప్తరు? నాకే కనవడ్డది" అన్నాను.